శరణధర్మము – పౌరధర్మము



గత శ్రావణమాసమున ఒక సోమవారము సాయంకాలము చందానగర్‌లోని ఒక శరణగృహమున ఇష్టలింగపూజానంతరము అనుభవగోష్ఠి జరిగినది. నలుబది మందికి పైగా కూడిరి. జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన వ్యాపారులు, రామచంద్రాపురము కర్మాగారమున పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దలు, మాదాపురము వైపు కంపెనీలలో పనిచేయు యువతీయువకులు అందరును ఉండిరి. షట్‌స్థలములలో భక్తస్థలమును గూర్చి చెప్పవలెనని నేను సిద్ధపడి వెళ్ళితిని. కాని మాట మొదలుపెట్టకమునుపే ఒక వృద్ధ వర్తకుడు లేచి ఇట్లడిగెను:

“అయ్యగారూ! లింగము ముందు కూర్చున్నంత సేపు నేను శివునివాడను. లేచి అంగడికి పోగానే జి.యస్.టి. వారివాడను, మునిసిపాలిటీ వారివాడను. ఈ రెంటికి పొత్తేమైన నున్నదా? పన్ను కట్టుట కూడ దాసోహమేనా?”

అందరును నవ్విరి. నాకు నవ్వు రాలేదు. దానికి కారణము ముందు చెప్పెదను. ఆనాడు భక్తస్థలము ప్రక్కకు పోయినది. రాత్రి పదిగంటల వరకు ఈ ప్రశ్న చుట్టునే మాటలు సాగినవి. ఆనాడు చెప్పినదానిని, చెప్పవలసియుండి చెప్పలేకపోయినదానిని కూడ ఇచట వ్రాయుచున్నాను.

చందానగర్ నడిబొడ్డునుండి పోవుచున్న ముంబయి రహదారిని పట్టుకొని పడమరకు పోయినచో పటాన్‌చెరువు, సంగారెడ్డి, జహీరాబాదు, హుమ్నాబాదు దాటి సుమారు 150 కిలోమీటర్ల దూరమున బసవకల్యాణము చేరుదుము. ప్రతిదినము ఈ త్రోవను దాటుచు, ఇది కల్యాణమునకు పోవు త్రోవ యని మనలో ఎందరు తలంతురు? ఈ రెండు ఊళ్ళును 1956 నవంబరు 1వ తేదీవరకు ఒకే హైదరాబాదు రాష్ట్రమున నుండెను. అంతకు ముందు, 1948 సెప్టెంబరు వరకు, రెండింటను నివసించువారు నిజాము ప్రభువునకు ప్రజలు. ప్రజలు అనగా ఏలబడువారు. మన తాతలు రాజ్యమునకు వినతిపత్రము వ్రాసికొనగలిగిరి, రాజ్యమును ఎన్నుకొనలేకపోయిరి. పల్లెలలో వెట్టి యుండెను. దొర పిలిచినప్పుడు కూలి లేక పని చేయవలసిన కుటుంబములలో మన శరణవంశములవారును ఉండిరి. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చి, 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. కూలి లేని పని చేయించుట నేరమని చెప్పిన ఆ ఒక్క మాటలో కాయకమునకు ఎంత గౌరవమున్నదో చూడుడు. కాయకమనగా బలవంతముమీద చేయు చాకిరి కాదు గదా!

ఆ దినమునుండి మనము ప్రజలము మాత్రమే కాదు, పౌరులము కూడ. ఏలబడువాడు భయపడిన చాలును. పౌరుడు పూచీ పడవలెను.

ఇక పన్ను మాట. బసవేశ్వరుడు ఏ పదవిలో నుండెనో మరువరాదు. ఆయన అడవిలో తపస్సు చేసికొన్న ముని కాడు, బిజ్జలుని కొలువున భండారి. లెక్క వ్రాయు ఉద్యోగమున జీవించినవాడు. ఆయన ధనాగారమును జంగమారాధనకు వ్యయము చేయుచున్నాడని కొండెగాండ్రు రాజునకు చెప్పగా, రాజు పెట్టెలు తెరిపించి లెక్కించెను. ఒక్క మాడయు తక్కువ కాలేదు. ఈ వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు తెలుగు బసవపురాణమున మహిమగా వర్ణించెను. మహిమగా నమ్మువారు అట్లే నమ్ముదురు గాక. నేను మాత్రము దీనిని వేరొక విధముగా కూడ చదువుచుందును. లెక్క అడిగిన రాజుపై భండారి కోపింపలేదు. నన్ను శంకింతువా యని తాళపుచెవులు విసరివేయలేదు. పెట్టెలు తెరిచి చూపించెను. ప్రజాధనము చేతనున్నవాడు లెక్క చూపవలెనన్నది ఆయనకు అవమానముగా తోచలేదు. నేడు 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు వ్రాసి, మన వీథి కాలువకు ఎంత వ్యయమైనదని మనము అడుగవచ్చును. సామాన్యముగా 30 దినములలో సమాధానమీయవలసియున్నది. అధికారులు అడిగినవారిని శత్రువులవలె చూచుట కలదు. వారికి బసవభండారి కథ చెప్పవలెను. అట్లే మన సంఘముల, మఠముల కోశాధికారులకును చెప్పవలెను. వార్షిక సమావేశమున లెక్క అడిగినవానిని భక్తిలేనివాడని అనుట మన యొద్దను లేకపోలేదు.

పన్ను దాసోహమా యని అడిగిన పెద్దకు నేను “కాదు” అని చెప్పితిని. ఆయన ఆశ్చర్యపడెను. అవునని చెప్పి మెప్పు పొందుట సులభమే. కాని దాసోహము ప్రేమతో, స్వేచ్ఛతో చేయునది. పన్ను చట్టముచేత విధింపబడునది, కట్టనిచో జరిమానా పడును. రాజ్యాంగపు 265వ అధికరణము ప్రకారము చట్టాధికారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు. అనగా పన్ను దయ కాదు, కప్పము కాదు, కానుక కాదు. అది ఋణము. వీథిదీపము క్రింద నడిచినవాడు, మురుగుకాలువను వాడుకొన్నవాడు, సర్కారు ఆసుపత్రిలో తల్లికి వైద్యము చేయించినవాడు పడిన ఋణము. ఋణము తీర్చకుండ చేసిన దాసోహము ఎవరి సొమ్ముతో చేసినట్లు? ఇచటనే నాకు ఆనాడు నవ్వు రాకపోవుటకు కారణమున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను నా యింటిపై ఒక అంతస్తు వేసికొంటిని. కొలతలకు వచ్చిన ఉద్యోగి, అది ఏ కార్యాలయమో చెప్పను, “అయ్యగారూ, మీరు పూజలు చేయువారు, మీకెందుకు భారము? పై అంతస్తు వ్రాయకుండ వదలివేసెదను” అని కొంత సొమ్ము అడిగెను. నేను సొమ్ము ఈయలేదు, అంతవరకు గర్వపడితిని. కాని అతడు ఎందుచేతనో పై అంతస్తు వ్రాయకయే పోయెను. బిల్లు తక్కువగా వచ్చెను. నేను నోరు మెదపలేదు. ఒక సంవత్సరము కాదు, మూడు సంవత్సరములు మెదపలేదు. లంచము ఈయలేదు గదా యని మనస్సును సమాధానపరచుకొంటిని. ఆ మూడు సంవత్సరములును వేదికలపై ఆయ్దక్కి మారయ్య కథను చెప్పుచునే యుంటిని!

ఆ కథ మీకు తెలిసినదే. మారయ్య కల్యాణమున నేల రాలిన బియ్యపు గింజలను ఏరుకొని తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఆ గింజలతోనే లక్కమ్మ వండి జంగములకు పెట్టి తాము ప్రసాదము స్వీకరించెడివారు. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు వలసినది ఇంత గాదు, మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మని తిప్పిపంపెను. మారయ్య దొంగిలింపలేదు, ఎవరిని మోసగింపలేదు. నేలపై నున్నది, తెచ్చెను. అయినను లక్కమ్మ దృష్టిలో అది తమది కాదు. నా బిల్లులో తగ్గిన సొమ్ము కూడ నేను దొంగిలించినది కాదు, తానుగా వచ్చి నా యింట పడినది. నా యింట లక్కమ్మ వంటి ఇల్లాలు లేదని చెప్పరాదు. ఒకనాడు ఈ కథ చెప్పి ఇంటికి రాగానే నా భార్య, “మన పైఅంతస్తు మాట ఎప్పుడు చెప్పెదరు?” అని అడిగెను. మరునాడు పోయి వ్రాసి యిచ్చితిని. పాత బాకీతో కూడ కట్టవలసి వచ్చెను. దీనిని ఘనతగా చెప్పుకొనుట లేదు. మూడు సంవత్సరముల తరువాత కట్టినవానికి ఘనత యేమి?

రాజ్యాంగమున పౌరుల ప్రాథమిక విధులు అను భాగమొకటి కలదు. అది 51ఎ అధికరణము. మొదట రాజ్యాంగమున ఇది లేదు. 1976లో 42వ సవరణచే పది విధులుగా చేరినది, పిల్లలకు చదువు చెప్పించు విధి 2002లో పదునొకటవదిగా చేరినది. ఈ విధులను సూచించిన స్వరణ్ సింగ్ సంఘము పన్ను కట్టుటను కూడ ఒక విధిగా చేర్చుమని చెప్పెను గాని ప్రభుత్వము దానిని చేర్చలేదు. ఓటు వేయుటయు ఆ జాబితాలో లేదు. ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. ఈ విధులు చేరిన కాలము అత్యవసర పరిస్థితి కాలము. విచారణ లేక జనులను చెరలో నుంచి, పత్రికలకు తాళము వేసి, న్యాయస్థానమున మొర పెట్టుకొను హక్కును ఆపివేసిన దినములలోనే రాజ్యము పౌరులకు విధులు బోధించినది. విధులు చెడ్డవి కావు. చెప్పిన వేళ చెడ్డది. హక్కును లాగికొనిన చేతితో విధిని అందించిన రాజ్యమును 1977 మార్చి ఎన్నికలలో ప్రజలు ఓటుతోనే దింపిరి. అందుచేత మఠములలో మనము విధులను గూర్చి మాత్రమే బోధించి హక్కులను గూర్చి మౌనము వహించినచో, అది శరణధర్మము కానేరదు. బసవని ముంగిట చాకలి మడివాళ మాచయ్యకును, త్రాళ్ళు పేనిన నులియ చందయ్యకును మాటాడు చోటు ముందు దొరికినది. విధి తరువాత వచ్చినది.

అనుభవమంటపమును ప్రపంచపు మొదటి పార్లమెంటు అని చెప్పుట నేడు వాడుకయైనది. నాకు ఆ పోలిక కొంత అతిశయముగా తోచును. పార్లమెంటు చట్టము చేయును, పన్ను వేయును, సైన్యమును నడుపును. అల్లమప్రభువు అధ్యక్షతన మంటపము ఇవి యేవియు చేయలేదు. కాని పార్లమెంటునకు ప్రాణమైన వస్తువొకటి అచట నుండెను. కులము, వృత్తి, స్త్రీపురుష భేదము చూడక ఎదుటివాని మాట పూర్తిగా వినుట. ఆ వినుటయే లేనిచో నాలుగు గోడలు కట్టినంత మాత్రమున సభ యగునా? లండనులో థేమ్సు నది ఒడ్డున 2015 నవంబరులో బసవేశ్వరుని విగ్రహము వెలసినది. మంచిదే. విగ్రహము చూచి పులకించిన మన చందానగర్ వాసులలో ఎందరు 2020 డిసెంబరు 1న బల్దియా ఎన్నికలలో ఓటు వేసిరి? నగరమంతట కలిపి నూటికి 47 మంది కూడ వేయలేదు. 2023 నవంబరు 30న శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు రాష్ట్రమున నూటికి 71 వంతులు ఓట్లు పడగా, హైదరాబాదు జిల్లా సగమునకు కూడ చేరలేదు. అదే దినమున నల్లగొండ జిల్లా మునుగోడులో నూటికి 90కి పైగా వేసిరి. మునుగోడు రైతునకు లేని తీరిక మనకు లేదా, మనకు లేని ఆస్థ అతనికున్నదా?

“మా ఓటు ఊరిలో నున్నది అయ్యగారూ” అని పలువురు చెప్పిరి. ఇది నిజమైన చిక్కే. ఉద్యోగముకొఱకు వచ్చి అద్దె యిండ్లు మారుచుండువారికి ఓటు వెంట రాదు, తామే తెచ్చుకొనవలెను. క్రొత్తగా చేరువారు 6వ నమూనాను, చిరునామా మారినవారు 8వ నమూనాను నింపి యిచ్చిన చాలును. ఆనాటి యువకులలో ఒకడు అక్కడనే తన సెల్‌ఫోనులో ఆ పని ముగించి చూపెను. పదునాలుగు నిమిషములు పట్టినదని లెక్క చెప్పెను! స్త్రీలకు ఒక మాట. 1951–52లో మొదటి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు తయారగునప్పుడు, తమ పేరు చెప్పక ఫలానావాని భార్యను, ఫలానావాని తల్లినని మాత్రమే చెప్పినందున సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తొలగిపోయినవి. రాజ్యము భర్తపేరును కాదు, ఆమె పేరునే అడిగెను. అక్కమహాదేవిని పూజించు ఇండ్లలో ఈ సంగతి తెలియవలెను.

చెరువులను గూర్చి క్లుప్తముగా చెప్పి వదలెదను. 51ఎ అధికరణమున అడవులు, నదులతోపాటు సరస్సులను కాపాడుట పౌరుని విధియని స్పష్టముగా నున్నది. గంగారము చెరువు మన యింటి ప్రక్కననే యున్నది. దానిని కాపాడుట ప్రభుత్వపు పనియే, కాని ఇంటి చెత్తను సంచిలో కట్టి రాత్రివేళ గట్టున విసరునది ప్రభుత్వము కాదు.

ఇంతవరకు సభ సుఖముగానే విన్నది. చివర జరిగినది వేరు.

వెనుక వరుసలో ఒక గృహస్థుడు చాలసేపు మౌనముగా కూర్చుండి, తుదకు అడిగెను. ఆయన కుమార్తె ఉద్యోగస్థురాలు. తనతో పనిచేయు ఒక యువకుని వివాహమాడ నిశ్చయించుకొన్నది. అతడు లింగధారి కాడు. పైగా అతని కులమును ఆ తండ్రి గొంతు తగ్గించి చెప్పెను. “చట్టము దాని ప్రక్కన నున్నదని అమ్మాయి చెప్పుచున్నది. ధర్మము ఎవరి ప్రక్కన నున్నది అయ్యగారూ?” అని అడిగెను. గది నిశ్శబ్దమైనది.

సోమనాథుడు అల్లయ్య, మధువయ్య అను ఇద్దరు భక్తుల కన్నులను బిజ్జలుడు తీయించెనని వ్రాసెను. తరువాతి కన్నడ సంప్రదాయము వారినే హరళయ్య, మధువరసులుగా చెప్పును. హరళయ్య చెప్పులు కుట్టువాడు, మధువరసు బ్రాహ్మణుడై పుట్టి శరణుడైనవాడు. వారి బిడ్డలకు వివాహము జరిగినది. వర్ణసంకరమని కొండెములు విని బిజ్జలుడు ఇరువురను ఏనుగు కాళ్ళకు కట్టి ఈడ్పించెనని ఆ సంప్రదాయము. కల్యాణము చెదరిపోయినది ఆ పెండ్లితోనే. మనము బసవజయంతినాడు కన్నీళ్ళతో చెప్పుకొను త్యాగము ఇదియే.

ఇప్పుడు తారుమారైన సంగతి చూడుడు. ఆనాడు రాజ్యము ఆ పెండ్లిని శిక్షించినది, శరణులు నిలబడిరి. నేడు రాజ్యము అట్టి పెండ్లి ప్రక్కన నిలబడినది. 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమున కులమతముల అడ్డు లేదు. వయస్సు వచ్చిన ఇద్దరు ఒకరినొకరు వరించుట వారి హక్కనియు, కుటుంబముగాని కులపెద్దలుగాని అడ్డరాదనియు 2018 మార్చిలో శక్తివాహిని వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అట్టివారికి రక్షణ కల్పింపుమని ప్రభుత్వములను ఆదేశించినది. మరి ఏనుగు కాళ్ళకు కట్టువారెవరు? ఇండ్లలోనివారే. 2018లో మిర్యాలగూడెమున ఏమి జరిగినదో దేశమంతయు చూచినది. 2020లో ఈ చందానగర్‌లో పెరిగిన బిడ్డల వివాహము కూడ హత్యతో ముగిసినది. ఆ కుటుంబముల పేర్లు మనకు వలదు. వారు మన మతస్థులు కారు గదా యని ఊరట పడుటయు వలదు. హరళయ్య కథను పూజించు ఇంట బిజ్జలుడు కాపురముండవచ్చును.

ఒక యువకుడు అడ్డుపడి, “ఆనాడు జగదేవుడు రాజును చంపలేదా? అన్యాయపు రాజ్యమును అట్లే ఎదిరింపవలెను గదా!” అనెను. పురాణము చెప్పిన మాట నిజమే. అందుచేతనే జాగ్రత్తగా చదువవలెను. బసవన్న అప్పటికే పదవిని విడిచి కూడలసంగమమునకు వెడలెను. పోవునప్పుడు భండారము తాళములు వెంట తీసికొనిపోలేదు, సైన్యమును తిప్పలేదు. అన్యాయమునకు తాను సేవ చేయనని మాత్రము తేల్చివేసెను. ఆ దినములలో రాజుతో విభేదించినవానికి పదవి విడుచుట, ఊరు విడుచుట తప్ప దారి లేదు. మనకు న్యాయస్థానమున్నది, ఓటున్నది, పత్రిక యున్నది, వీథిలో శాంతముగా కూడి అరచు హక్కున్నది. ఇన్ని యుండగా కత్తిని కోరువాడు తనకున్నవాటిని వాడనివాడు.

ఆ తండ్రికి నేను చెప్పినది ఇంతే: “మీ సందేహము చట్టమునకు ధర్మమునకు మధ్య కాదు. ఈ విషయమున రెండును ఒకే ప్రక్కన నున్నవి. ఆ ప్రక్కకు మీరొక్కరే రావలసియున్నది. వచ్చుట కష్టమని నాకు తెలియును. అబ్బాయి గుణమును విచారింపుడు, ఉద్యోగమును విచారింపుడు, తండ్రిగా అది మీ హక్కు. కులమును విచారింపకుడు.” ఆయన సమాధానము చెప్పలేదు. ఆయన తమ్ముడు మాత్రము కోపముతో లేచి వెళ్ళిపోయెను. వెళ్ళుచు, “మఠమువారు ఇట్లు చెప్పినచో సంఘము నిలుచునా?” అనెను. కొందరు తలలూపిరి. వారిని నేను నిందింపను. అదే ప్రశ్న కల్యాణమునను పుట్టియుండును.

ప్రసాదము వడ్డించునప్పుడు మొదట ప్రశ్నించిన వృద్ధ వర్తకుడు నా ప్రక్కన కూర్చుండి, “పన్నుతో మొదలు పెట్టితిని, ఎక్కడికో తీసికొనిపోతిరి” అనెను. తరువాత గొంతు తగ్గించి, తన అంగడి పుస్తకములు రెండున్నవనియు, వచ్చు త్రైమాసికమునుండి ఒకటి చాలుననుకొనుచున్నాననియు చెప్పెను. పాత రెండవ పుస్తకమును ఏమి చేయుదురని నేను అడుగలేదు.

వచ్చు పౌర్ణమినాటి గోష్ఠి ఆ గృహస్థుని యింటనే యని వార్త వచ్చినది. కుమార్తెయు, ఆ యువకుడును కూడ వచ్చెదరట. తమ్ముని పిలుచుటకు ఆయన స్వయముగా వెళ్ళినాడని చెప్పిరి.